తిల్దా మిల్లుకి అల్లుడు

భ్రమరాంబ మా ఇంటికి వచ్చేసరికి నేను వరండాలో గోరుచిక్కుడుకాయల ఈనెలు తీస్తున్నాను. నా భార్య సరోజిని పోయాక నేర్చుకున్న పనుల్లో నాకు బాగా నచ్చినది ఇదే. చేతులకు పని ఉంటే ఎదుటివాళ్లు చెప్పేది నెమ్మదిగా, పూర్తిగా వినబడుతుంది. దేవేంద్ర నగర్‌లో వాన అప్పుడే తెరిపిచ్చింది. ఆ అమ్మాయి గొడుగు మడవలేదు, చెప్పులు విప్పలేదు.

"సెక్షన్ మూసేస్తారట సార్," అంది.

ఈ ఛత్తీస్‌గఢ్ ఊరి బయట రైసుమిల్లులకు యంత్రాలు చేసే కార్ఖానాలో నేను ప్రొడక్షన్ మేనేజరుగా రిటైరయ్యాను. అయినా సేఠ్‌గారు నన్ను పూర్తిగా వదల్లేదు. పొద్దున్న పూట వచ్చి, కొత్తగా మేనేజర్లయిన వాళ్లకు కాస్త తోడుండమన్నారు. వాళ్లలో భ్రమరాంబ ఒకతె. డబ్ల్యూఆర్ఎస్ కాలనీలో రైల్వే కార్మికుడి ఇంట పుట్టి, ఇంజనీరింగ్ చదివి, కొత్త యంత్రాలు తయారుచేసే సెక్షన్‌కు మేనేజరైంది. ఆ సెక్షన్ కావాలని సేఠ్‌గారి వెంటపడి సాధించుకున్నదీ తనే.

"కూర్చో. ముందు మంచినీళ్లు తాగు."

తాగింది. అప్పుడు చెప్పింది. ఉప్పుడు బియ్యం చేసే తిల్దా మిల్లుకు వీళ్లు ఒక ఎలివేటరు చేసి పంపారు. ఉడికించిన వడ్లను కింద గోతిలోంచి చిన్నచిన్న రేకు డబ్బాలతో తోడి, బెల్టు మీద పైకెత్తి, పైనున్న గొట్టంలో కుమ్మరించాలి. తడి వడ్లు డబ్బాలకు కరుచుకుపోయి, గొట్టం దాటాక ఊడి, మళ్లీ గోతిలోకే రాలుతున్నాయి. మిల్లువాళ్లు యంత్రాన్ని లారీలో వేసి వెనక్కి పంపేశారు.

"దీపావళి తరువాత మిల్లుకు కొత్త వడ్లు వస్తాయి. ఆలోగా ఇది తిరగకపోతే మా షెడ్డుకి తాళమేనన్నారు సేఠ్‌గారు. నన్ను ఆఫీసులో కొటేషన్లు టైపు చేసుకోమన్నారు. మావాళ్లని తలా ఒక డిపార్టుమెంటుకి పంచేస్తారట. తాళంకప్ప అప్పుడే తలుపు గొళ్లేనికి తగిలించి వెళ్లారు సార్, అందరూ చూసేట్టు."

"మీవాళ్లేమంటున్నారు?"

"అదే కదా సార్ నా బాధ! ఏమీ అనరు." గొడుగును నేలకేసి కొట్టింది. "నాగపూరులో ట్రైనింగుకి పంపారు కదా, మేనేజర్లు తమ టీములో కొత్త ఆలోచనలు ఎలా పుట్టించాలో నేర్చుకోమని. వాళ్లు చెప్పినట్టే చేశాను. సలహాల పెట్టె పెట్టాను. అందులో వేరుశనగ తొక్కలు వేశారు. అందర్నీ గుండ్రంగా కూర్చోబెట్టి, నోటికొచ్చింది చెప్పండి, ఎవరూ ఎవర్నీ తప్పుపట్టకూడదు అన్నాను. హాయిగా నోరుమూసుకుని కూర్చున్నారు. మావాళ్ల తలల్లో ఏమీ లేదు సార్."

తలల్లో ఏమీ లేని మనుషుల్ని నేను కార్ఖానాలో ఇంతవరకూ చూడలేదు. ఆమెతో మాత్రం రేపు వస్తానన్నాను.

మర్నాడు వెళ్లేసరికి ఎలివేటరు షెడ్డు మధ్యలో నిలబడి ఉంది, చెయ్యని నేరానికి నిలబెట్టిన మనిషిలా. చుట్టూ భ్రమరాంబ మనుషులు. వాళ్లలో ఫిట్టర్ల పెద్ద సత్తిరాజు. శ్రీకాకుళం వైపునుంచి వచ్చి కాలనీలో స్థిరపడ్డ కుటుంబాలన్నిటికీ ఆయన బాబాయే. ఎలివేటరు డబ్బా ఆకారం ఆయన సుద్దముక్కతో నేలమీద గీసిందే, దాన్ని భ్రమరాంబ కాగితం మీదికి ఎక్కించింది. పక్కన వెల్డరు జోగయ్య. కాస్త ఎడంగా ఛత్తీస్‌గఢ్ వాళ్లు, వాళ్లకు ముందు రంగులు వేసే బిసాహిన్. ఆమె కాలనీలోనే పెరిగింది కాబట్టి తెలుగు గడగడా మాట్లాడుతుంది.

భ్రమరాంబ హిందీలో అడిగింది, ఏదైనా ఉపాయం ఉంటే చెప్పమని. జోగయ్య తన నల్లకళ్లజోడును చొక్కాతో తుడవడం మొదలుపెట్టాడు. కాసేపటికి సత్తిరాజు గొంతు సవరించుకున్నాడు.

"యంత్రానికేటయిందమ్మా? నువ్వు గీసింది బిల్‌కుల్ బాగుంది. మిల్లోళ్లకి నడపడం సేతకాలేదు, అంతే."

అందరూ తలలూపారు. బిసాహిన్ కూడా ఊపింది. మీటింగు అయిపోయింది.

టీ వేళకు నేను స్టోరు గోడవారగా నిలబడ్డాను. లేతుమిషను దగ్గర తెలుగువాళ్లు, మంచినీళ్ల కుండ దగ్గర ఛత్తీస్‌గఢ్ వాళ్లు. జోగయ్య ఖాళీ గ్లాసు పట్టుకుని లేచాడు. ఎలివేటరులా వంగి, నేలమీంచి ఏదో తోడినట్టు తోడి, రొప్పుతూ చెయ్యి పైకెత్తి, నెత్తిమీద గ్లాసు బోర్లించాడు. విదిలించాడు. ఏమీ పడలేదు. ఏడుపుముఖం పెట్టి చెయ్యి వెనకనుంచి కిందికి దించుతూ ఉంటే అప్పుడు ధబ్‌మని పడ్డట్టు ఎగిరి గంతేశాడు. రెండు గుంపులూ పడిపడి నవ్వాయి. షెడ్డు తలుపు దగ్గర భ్రమరాంబ కనబడగానే నవ్వు టక్కున ఆగిపోయింది. జోగయ్య గ్లాసు కడుక్కోవడానికి వెళ్లిపోయాడు.

"చూశారా సార్? నన్ను చూసి నవ్వుకుంటున్నారు," అంది నా దగ్గరకొచ్చి.

"నిన్ను కాదమ్మా, యంత్రాన్ని. అదెక్కడ తప్పుతోందో జోగయ్య చక్కగా ఆడి చూపించాడు. గొట్టం దగ్గర కాదు, గొట్టం దాటాక ఊడుతోందని."

"మరి మీటింగులో నోరెందుకు విప్పడు?"

"విప్పితే ఎవర్ని అన్నట్టు? సత్తిరాజు గీసిన డబ్బా అది. ఆయన జోగయ్యకు బాబాయి. నువ్వు ఆయన సైకిలు మీద బడికెళ్లిన పిల్లవి. హిందీవాళ్ల ముందు మీ ఇద్దరి పనిలో తప్పు తియ్యడమంటే వాళ్లకి ఇంటిగుట్టు వీధిలో పెట్టడం. తప్పుపట్టొద్దని నువ్వే చెబితే ఇంకేం, వాళ్లకి పండగే."

ఆమె తలుపుకు వేలాడే తాళంకప్ప వైపు తిరిగింది. "అయితే కాలనీ మారిపోనా సార్? లేక మనుషుల్ని మార్చెయ్యనా? ఏదో ఒకటి చేస్తాను. ఆ తాళం మాత్రం పడనివ్వను."

దానికి జవాబు ఆదివారం దొరికింది.

ఆదివారం కాలనీలో సత్తిరాజు అన్నగారి మనవడి పెళ్లి. శ్రావణమాసం, సన్నటి వాన, టార్పాలిను పందిరి. కార్ఖానావాళ్లంతా వచ్చారు. బిసాహిన్ పచ్చచీర కట్టుకుని, పందిట్లోకి వస్తూనే మొదలుపెట్టింది.

"సావన్‌లో పెళ్లేంటి మీకు? మా దేవుళ్లు పడుకున్నారు. మీ దేవుళ్లకి నిద్రపట్టదా?"

"మావోళ్లకి డ్యూటీ షిఫ్టుల్లో ఉంటది," అన్నాడు జోగయ్య.

మగపెళ్లివారికి పెద్దగా సత్తిరాజును దండవేసి కుర్చీలో కూర్చోబెట్టారు. ఆడపెళ్లివారి ఆడపిల్లలు ఆయన చుట్టూ చేరారు. సగం పాట, సగం మాట.

"పెళ్లివారొచ్చారు, చూడండర్రా! పొట్ట ముందొచ్చింది, మనిషి ఇంకా టేసన్లోనే ఉన్నాడు!"

"మీసం చూడండే! బూటుపాలిష్ మనకి దొరకనిది ఇందుకే!"

బిసాహిన్ ఊరుకోలేదు. వాళ్ల పెళ్లిళ్లలోనూ బరాత్‌గా వచ్చిన మగపెళ్లివారిని తిడుతూ పాడతారు. కొంగు బిగించి తమ భాషలో ఒకటి అందుకుంది. అర్థం తెలిసినవాళ్లు చెవులు మూసుకున్నారు. సత్తిరాజు మాత్రం దండలోంచి ఒక చామంతి తుంపి ఆమె వైపు విసిరి, కళ్లనీళ్లు వచ్చేలా నవ్వాడు. ఆ అమ్మాయిలు మామూలు రోజుల్లో వీధిలో ఆయన ముందు తలెత్తి నిలబడరు. ఈ పూట ఆయన పొట్ట మీదా మీసం మీదా పరాచికాలాడుతుంటే పరమానందంగా ఉంది ఆయనకు. ఎవరూ ఏమీ అనకుండా వదిలేసి ఉంటే బహుశా కోపం వచ్చేది.

నేను భ్రమరాంబ వైపు చూశాను. ఆమె చేతిలో లడ్డు అలాగే ఉండిపోయింది. ఆమె కూడా అదే చూస్తోంది.

"సార్," అంది మెల్లగా, "నాగపూరువాళ్లు చెప్పింది తలకిందులు చేస్తే?"

"నేనూ అదే అనుకుంటున్నాను. యంత్రానికి పెళ్లిచూపులు పెడితే?"

ఆమె ముఖం ముడుచుకుంది. "పెళ్లిచూపులా? నడిచి చూపించమ్మా, జడ విప్పి చూపించమ్మా... నేను కూర్చున్నవి చాలు సార్. మళ్లీ నా యంత్రాన్ని కూడా కూర్చోబెట్టాలా?" అంతలోనే కళ్లు మెరిశాయి. "ఈసారి పెళ్లికొడుకుని చూద్దాం."

సోమవారం నేను వెళ్లేసరికి ఎలివేటరుకు బాసికం కట్టి ఉంది. దాని మీద బిసాహిన్ తెచ్చిన ఖర్జూరాకు మౌర్, వాళ్ల పెళ్లికొడుకు కిరీటం. బల్లమీద స్టవ్వు, టీ గిన్నె, గ్లాసులు. భ్రమరాంబ చీరకొంగు నడుముకు దోపి నిలబడింది.

"ఇది మీటింగు కాదు, పెళ్లి," అంది ముందు తెలుగులో, తరువాత హిందీలో. "పెళ్లికొడుకు ఈ ఎలివేటరు. పెళ్లికూతురు తిల్దా మిల్లులో ఉడికిన వడ్లు. దీన్ని కన్నది మేమిద్దరం, సత్తిరాజు బాబాయీ నేనూ. కాబట్టి మేం మగపెళ్లివారం. మీరంతా ఆడపెళ్లివారు. మీ పిల్లనిచ్చేముందు అల్లుణ్ణి ఎంత మాటైనా అనొచ్చు. అనకపోతే మాకు మర్యాద జరగనట్టే. మేం ఎదురు చెప్పకూడదు. నవ్వాలి, టీలు పొయ్యాలి."

ఎవరూ కదల్లేదు. సత్తిరాజు ఇబ్బందిగా నవ్వాడు. ఆమె ఎదురుచూసింది. మళ్లీ అడగలేదు, బతిమాలలేదు. ఊరికే టీ కలుపుతూ నిలబడింది. అలా నిలబడగలగడం కష్టం. మేనేజరు చెయ్యవలసిన పనుల్లో అదే అన్నిటికన్నా కష్టం.

చివరికి బిసాహిన్ బ్రష్షు కిందపెట్టి ఎలివేటరు చుట్టూ ఒకసారి తిరిగింది. ముక్కు మీద వేలేసుకుంది.

"ఏం అల్లుడమ్మా! మా పిల్ల వేణ్ణీళ్ల స్నానం చేసి తడితడిగా వస్తుంది. ఎత్తుకుని మేడెక్కుతాడు. దింపరా అంటే దింపడు. మళ్లీ కిందికే తెచ్చేస్తాడు!"

షెడ్డు గొల్లుమంది. ఆ నవ్వుతో ఏదో తెగింది.

"కొత్త కదా, సిగ్గేమో!" అన్నాడొకడు.

"సిగ్గు కాదురా, పిసినారి! సేతిలో పడ్డది వదలడు."

"ఆ నోరు సూడు, డబ్బా మూల! అంత ఇరుకు మూలలో ముద్ద ఇరుక్కోకుండా ఉంటదేటి?"

"తాగినోడిలా ఊగుతాడు కూడా. బెల్టు బిగించండర్రా!"

భ్రమరాంబ నవ్వుతూ టీలు అందిస్తోంది. ప్రతి మాటనూ లోపల ఎక్కడ దాచుకుంటోందో నాకు తెలుస్తూనే ఉంది. జోగయ్యకు ఊపు వచ్చింది. ఒక పెట్టె మీదికెక్కాడు.

"అసలు మన పిల్లని సూపించిన రోజు ఏటి సేసినాం? పిల్లని తుడిసి, ఎండబెట్టి మరీ సూపించినాం! తిల్దాలో ట్రయలు నాడు పొడి వడ్లు పోసినాం కాబట్టి అల్లుడి పరువు దక్కింది. తడివి పోసుంటే ఆ రోజే..."

ఆగిపోయాడు. అప్పటికి ఆలస్యమైపోయింది. నవ్వు ఒక్కొక్కరి ముఖంలోంచి జారిపోయింది. సత్తిరాజు భుజం మీది తువ్వాలు తీసి ముఖం తుడుచుకోసాగాడు. తుడుచుకుంటూనే ఉన్నాడు.

ఆ ట్రయలు రోజు సేఠ్‌గారి ముందు, మిల్లువాళ్ల ముందు యంత్రం అద్భుతంగా తిరిగిందని భ్రమరాంబ నాకు ఎంత సంబరంగా చెప్పిందో గుర్తుంది. ఆమె స్టీలుపళ్లెంలో గ్లాసులు సర్దుకుంది. లేచి ఏదైనా అందామనుకున్నాను. కానీ నేను నోరు విప్పితే అది మళ్లీ మీటింగైపోతుంది.

ఆమె ముఖం తెల్లబోయి ఉంది. నెమ్మదిగా నడిచి పెట్టె దగ్గరికి వెళ్లి, జోగయ్యకు ఒక గ్లాసు అందించింది.

"తీసుకోండి బావగారూ," అంది. "మావాడి గుట్టు ఇంకేమైనా ఉందా? ఇప్పుడే చెప్పేయండి. పెళ్లయ్యాక బయటపడితే బాగుండదు."

జోగయ్య గ్లాసు అందుకున్నాడు. "లేదమ్మా. మరేటీ లేదు."

"అయితే చెప్పండి. పట్టుకున్నది వదిలిపెట్టాలంటే వీడికేం మందు వెయ్యాలి?"

అప్పుడు బిసాహిన్, ఈసారి పరాచికంగా కాదు, ఆలోచిస్తూ ఒక సంగతి చెప్పింది. ఆమె చిన్నప్పుడు ఇళ్ల కట్టుబడి పనిలో సున్నం, సిమెంటు మోసేది. తట్టల్లో అడుగున తుప్పుపట్టి చిల్లులు పడ్డ తట్టకోసం ఆడవాళ్లు పోట్లాడుకునేవారట. మంచి తట్టయితే తడి సిమెంటు కరుచుకుని ఊడిరాదు. చిల్లుల తట్టయితే ఒక్క విసురుకి మొత్తం పడిపోతుంది.

"చిల్లులు పెడితే వడ్లన్నీ కారిపోవేటి?" ఎవరో ఎగతాళి చేశారు.

"వడ్లగింజ కన్నా సన్నం పెడితే?"

"అడుగునుంచి గాలి!" అంది భ్రమరాంబ, పళ్లెం బల్లమీద పడేస్తూ. "గాలి లోపలికి వెళ్లడానికి దారి లేదు, అందుకే పట్టుకుంటోంది. నిండుగా తడి ఇసుక కూరిన గ్లాసు బోర్లించినట్టే. అడుగున గాలికి దారిస్తే..." సుద్దముక్క తీసుకుని నేలమీద కూర్చుంది. ఆమె చుట్టూ తెలుగువాళ్లూ ఛత్తీస్‌గఢ్ వాళ్లూ కలిసి వంగారు. ఎవరి గుంపు ఎక్కడో నాకు తెలియలేదు.

సత్తిరాజు మాత్రం వాళ్లలో లేడు. షిఫ్టు ముగిసిన కూత వెయ్యగానే, గొడుగు తీసుకోవడం కూడా మరిచి, వానలో వెళ్లిపోయాడు.

మర్నాడు ఆయన పనికి రాలేదు. మిగిలినవాళ్లు డబ్బాల అడుగున చిల్లులు వేసి, నానబెట్టి ఉడికించిన వడ్లు పోసి యంత్రం తిప్పారు. మొదట బాగానే కుమ్మరించింది. కాసేపటికి మళ్లీ పాత కథే. విప్పి చూస్తే పొట్టూ నూకా చిల్లుల్లో బిగుసుకుపోయి, ఒక్కటీ తెరిచి లేదు. జోగయ్య డబ్బాను నేలమీదికి విసిరాడు. "బాబాయి లేకుండా ఇది కాదమ్మా. ఆయనొస్తే కదా. నా నోరు కాలా!"

సాయంత్రం భ్రమరాంబ ఆ డబ్బా సంచిలో వేసుకుని, సత్తిరాజు గొడుగు పట్టుకుని కాలనీకి బయల్దేరింది. నన్నూ రమ్మంది.

సత్తిరాజు మంచం మీద గోడవైపు తిరిగి పడుకుని ఉన్నాడు. ఆయన భార్య తాయారమ్మ మమ్మల్ని చూడగానే ఏమీ అడక్కుండా మూడు కంచాలు కడిగి పీటల ముందు పెట్టింది. మూత తియ్యని అన్నం గిన్నె చూస్తే ఆ ఇంట్లో పొద్దుటినుంచి ఎవరూ తినలేదని అర్థమైంది.

"బాబాయ్, పెళ్లికొడుకు తండ్రి ఇలా పడుకుంటే పెళ్లెలా జరుగుతుంది?"

"నన్నొగ్గియ్యే గుంటా," అన్నాడు అటే తిరిగి.

"పొడి వడ్లు పొయ్యమన్నది నువ్వేనా?"

"నానే," అన్నాడు. లేచి కూర్చున్నాడు. "అంతమంది ముందు నువ్వు నిలబడున్నావు. మీ నాన్న ఉండుంటే ఎంత మురిసిపోయేవాడు! మనమ్మాయి తలొంచుకోడం సూడలేకపోయినాను. తరవాత మెల్లగా సరిసేసేద్దాం అనుకున్నాను. మిల్లోళ్లు టైమియ్యలేదు."

"నా తల ఒంగితే ఒంగనీ బాబాయ్. మళ్లీ ఎత్తుకుంటాను." ఆమె కళ్లనిండా నీళ్లు, గొంతులో మాత్రం తడి లేదు. "తప్పెక్కడుందో నాకు తెలియకపోతే దేన్ని సరిచేసుకోను? సెక్షనే పోతే నువ్వు కాపాడిన పరువు నేనెక్కడ పెట్టుకోవాలి? ఇంకెప్పుడూ నాకోసం వడ్లు ఎండబెట్టకు."

సత్తిరాజు తల వంచుకున్నాడు. తాయారమ్మ చారు వడ్డిస్తూ, "బాగా గడ్డి పెట్టమ్మా. నా మాట వినడు," అంది.

భ్రమరాంబ సంచిలోంచి డబ్బా తీసి కంచం పక్కన పెట్టింది. "చిల్లులు పెట్టాం. పూడుకుపోయాయి. నీ డబ్బా ఇది. ఏం చేస్తావో చెప్పు."

ఆయన అన్నం కలుపుకున్నాడు గాని తినలేదు. ఎడంచేత్తో డబ్బా తిప్పి, పూడిన చిల్లిని బొటనవేలి గోటితో లోపలినుంచి పొడిచాడు. రాలేదు. బయటినుంచి పొడిచాడు. నూక టక్కున లోపలికి ఊడిపడింది.

"ఏ పక్కనుంచి వేసినార్రా ఇది?"

"బయటినుంచి. ఏం?"

"బయట సన్నం, లోపల ఎడల్పు అయిపోనాది. గరాటాలో దూరినట్టు దూరి బిగుసుకుపోతంది. అటుదిటు సెయ్యాల. లోపల సన్నం, బయట ఎడల్పు. దూరిందనుకో, ఆగదు, ఎల్లిపోద్ది." ఒక ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. "ఆ మూల కూడా గుండ్రం సేసీవాలి. పెళ్లిలో ఎవడో అన్నాడు, ఇరుకు నోరని. ఎవడ్రా అది? సరిగ్గానే అన్నాడు."

ఆ ముద్ద తరువాత ఆయన ఇంకొకటి పెట్టుకోవడం చూసి తాయారమ్మ పక్కకు తిరిగి కొంగుతో కళ్లు ఒత్తుకుంది.

అక్కణ్ణుంచి పని ఆగలేదు. కుదరని రోజులే ఎక్కువ. ఒకరోజు బెల్టు జారింది. ఒకరోజు చిల్లులు ఎక్కువై డబ్బాలు నలిగిపోయాయి. ప్రతి ట్రయలుకు ముందు యంత్రానికి బాసికం కట్టడం, ఆడపెళ్లివారు దాన్ని ఏకడం, మగపెళ్లివారు టీ పొయ్యడం ఆనవాయితీ అయింది. కొన్నాళ్లకు జోగయ్య బాసికం లేకుండానే, "బాబాయ్, ఇది కాదు," అనడం మొదలుపెట్టాడు. సత్తిరాజు మూతి ముడుచుకునేవాడు గాని, "అయితే ఏటి సెయ్యాలో సెప్పు," అనేవాడు. పక్క సెక్షన్ మేనేజర్లు తలుపు దగ్గర నిలబడి ఈ తంతు చూసి నవ్వేవారు. తలుపు గొళ్లేనికి తాళంకప్ప వేలాడుతూనే ఉంది. భ్రమరాంబ పొద్దున్నే లోపలికి వస్తూ దాన్ని ఒకసారి వేలితో తట్టేది.

దీపావళి ముందు వారంలో ఎలివేటరును మళ్లీ తిల్దా తీసుకెళ్లాం. సేఠ్‌గారు తన కారులో ముందే వచ్చి కూర్చున్నారు. మిల్లంతా ఉడికిన వడ్ల వాసన, పొగలాంటి ఆవిరి. మిల్లు లెక్కలు చూసే మునీమ్ మర్యాదస్తుడు. పోయినసారి సంగతి గుర్తుపెట్టుకున్నాడేమో, మోటారు వేసే ముందు అడిగాడు.

"పహలే సూఖా ధాన్ డలవా దూఁ?" మొదట పొడి వడ్లు పోయించనా అని.

భ్రమరాంబ నోరు తెరిచేలోగా సత్తిరాజు ముందుకొచ్చాడు.

"నహీ జీ. గీలా. బిల్‌కుల్ గీలా. తడివే, బాయిలరులోంచి ఇప్పుడు తీసినవి పొయ్యండి."

పోశారు. బెల్టు కదిలింది. డబ్బాలు పొగలు కక్కుతున్న వడ్లతో ఒకదాని వెనక ఒకటి పైకి పోసాగాయి. మేమంతా మెడలెత్తి నిలబడ్డాం. పైన గొట్టంలో ముందు నాలుగు గింజలు చిటపటమన్నాయి. తరువాత జడివాన రేకుల మీద పడ్డట్టు హోరు. ఆ హోరు ఆగలేదు. మిల్లులో పనిచేసే ఆడవాళ్లు అవతలి గదిలోంచి, "ఆ గే! ఆ గే!" అని కేకలు వేశారు, వచ్చేశాయని.

సేఠ్‌గారు మాత్రం కిందికి వంగి గోతిలోకి చూస్తున్నారు. "కుచ్ గిర్ రహా హై క్యా?"

నిజంగానే కొద్దిగా రాలుతున్నాయి, పిడికెడంత చొప్పున. తిల్దా మిల్లువాళ్ల ముందు, యజమాని ముందు, ఇప్పుడేం చెబుతారా అని నేను చూస్తున్నాను. జోగయ్య ఒక అడుగు ముందుకేశాడు.

"గిర్తా హై, సేఠ్‌జీ," అన్నాడు గట్టిగా. "థోడా గిర్తా హై. గొట్టం మూతి ఇంకాస్త దగ్గరికి జరపాల. మా బాబాయి కొలత తప్పు." ఆ ఆఖరి మాట హిందీలో మళ్లీ చెప్పాడు, అందరికీ అర్థమయ్యేట్టు.

సత్తిరాజు నవ్వాడు. పెళ్లిపందిట్లో నవ్వినట్టే నవ్వాడు. "వాడు సెప్పింది నిజమే. రేపటికి సరిసేస్తాం."

సేఠ్‌గారు ఇద్దర్నీ మార్చిమార్చి చూసి, భ్రమరాంబ వైపు తిరిగారు. మీ ముందే వీళ్లు ఇలా మాట్లాడతారా అని అడిగారు.

"ఇలాగే మాట్లాడతారు," అంది ఆమె. "ఇలా మాట్లాడారు కాబట్టే ఇది తిరుగుతోంది."

ఆయన మరికాసేపు హోరు వింటూ నిలబడ్డారు. గుప్పెడు వడ్లు తీసుకుని పిండి చూశారు, తడే. చెయ్యి రుమాలుకు తుడుచుకుని కారు వైపు నడుస్తూ, ఏదో చిన్న విషయం గుర్తొచ్చినట్టు ఆగారు. ఆ తాళంకప్పను గోడౌనుకు పంపించెయ్యమన్నారు, అక్కడిది పాడైపోయిందట. మిగతా సెక్షన్ల మేనేజర్లను కూడా సోమవారాలు మీ షెడ్డులో కూర్చోబెట్టుకోమన్నారు. అంతే. మెచ్చుకోవడం ఆయనకు రాదు.

భ్రమరాంబ సరేనని తలూపి, వెంటనే నిచ్చెన ఎక్కింది, గొట్టం మూతి కొలవడానికి.

తిరుగు ప్రయాణంలో మెటాడోరులో అందరం ఇరుక్కుని కూర్చున్నాం. చలిగాలి వీస్తోంది. బిసాహిన్ నన్ను ఎగాదిగా చూసి జోగయ్యను మోచేత్తో పొడిచింది.

"మగపెళ్లివారి పెద్దాయన్ని చూశారా? ఇన్నాళ్లూ టీ తాగడం తప్ప ఏం చేశాడు?"

"టీ కూడా సక్కెర ఎక్కువేయమనేవాడు," అన్నాడు జోగయ్య.

"ఆ చొక్కా చూడండి! గుండీలు ఒకటి తప్పించి పెట్టుకున్నాడు. ఒకపక్క పైకి, ఒకపక్క కిందికి. పొద్దుటినుంచి ఇలాగే తిరుగుతున్నాడు, సేఠ్‌జీ ముందు కూడా!"

బండి బండంతా నవ్వింది. భ్రమరాంబ కూడా, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని. నేను వంగి చూసుకున్నాను. నిజమే. ఈమధ్య ఎన్నిసార్లు ఇలాగే వీధిలోకి వెళ్లి ఉంటానో. చూసినవాళ్లు పెద్దవాడినని, ఒంటరివాడినని మర్యాదగా ఊరుకుని ఉంటారు. సరోజిని ఉన్నప్పుడు గుమ్మం దాటనిచ్చేది కాదు.

అందరూ చూస్తుండగానే గుండీలన్నీ విప్పి, మొదటినుంచి మళ్లీ పెట్టుకున్నాను.